ఒక మనిషి, మూడు ఫ్రేములు: విద్యార్థుల పోర్ట్రెయిట్ ప్రాజెక్టు డైరీ

జూన్: అంశం, గది, కిటికీ

"నేనెవరు" అనే అంశం మీద పోర్ట్రెయిట్లు తీయమంటే విద్యార్థుల చెయ్యి ముందుగా వెళ్లేది సగం చీకట్లో ముఖం, పగిలిన అద్దం, నలుపు తెలుపు ఫిల్టరు వైపే. చూడ్డానికి బాగుంటాయి. కూర్చున్న మనిషి గురించి మాత్రం ఏమీ తెలియదు. అందుకే ఈ ప్రాజెక్టులో ఒక్కొక్కరికి మూడు ఫ్రేములు పెట్టుకున్నాం. మొదటిది దరఖాస్తుకి అంటించే ఫోటో. అందులో నియమాలన్నీ బయటివాళ్లవి. రెండోదానిలో చోటు, బట్టలు, చేతిలో వస్తువు, కూర్చునే తీరు ఆ మనిషి ఇష్టం, కెమెరా మాత్రం మా చేతిలో. మూడోదానికి బటన్ కూడా వాళ్లే నొక్కుతారు. మూడూ ఒకే సైజులో పక్కపక్కన. పోర్ట్రెయిట్‌లో నిర్ణయాలు ఎవరివో మారుతున్నకొద్దీ అదే ముఖం ఎలా మారుతుందో చూపించాలి, అంతే.

ఈ ఆలోచన వెనక చరిత్ర ఉంది. ముఖాన్ని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి ఫైల్లో పెట్టే పద్ధతిని 1880లలో పారిస్ పోలీసు శాఖలో అల్ఫోన్స్ బెర్టియాన్ స్థిరపరిచాడు. అంతకు ముందే, 1868 నుంచి 1875 దాకా, బ్రిటిష్ పాలకులు మన దేశపు జనాల ఫోటోలని 8 సంపుటాలుగా వేశారు. అందులో చాలా ఫోటోల కింద మనిషి పేరుండదు, కులమో తెగో వృత్తో ఉంటుంది. జర్మనీలో ఆగస్ట్ జాండర్ కూడా మనుషుల్ని వృత్తుల వారీగానే విడదీశాడు. కానీ వాళ్ల బట్టల్లో, వాళ్ల చోట నిలబెట్టి, కెమెరా వైపు సూటిగా చూడనిచ్చాడు. 1929లో వచ్చిన ఆయన పుస్తకం అచ్చు ఫలకాల్ని నాజీలు 1936లో ధ్వంసం చేశారు. రెండో ఫ్రేముకి దారి చూపింది ఆయన పనే.

గది విషయం. "ఉత్తరం కిటికీ చూసుకో, నేరుగా ఎండ పడదు" అని ఫోటోగ్రఫీ పాఠాల్లో చెప్తారు. ఆ మాట మనకన్నా చాలా ఉత్తరాన ఉన్న దేశాలకి సరిపోతుంది. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మార్చి చివర నుంచి సెప్టెంబరు చివర దాకా సూర్యుడు తూర్పుకి కాస్త ఉత్తరంగా పొడిచి, పడమరకి కాస్త ఉత్తరంగానే కుంగుతాడు. అంటే పొద్దున్నా సాయంత్రం ఉత్తరం కిటికీలోంచి ఏటవాలు ఎండ వస్తుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా నడినెత్తి పొద్దు కూడా కాస్త ఉత్తరం వైపే. కాబట్టి జూన్‌లో ఉత్తరం కిటికీని నమ్ముకుని కూర్చుంటే బుగ్గ మీద ఎండ చార పడుతుంది.

దీనికి తెల్లటి మల్లు పంచె చాలు. కిటికీకి అడ్డంగా గట్టిగా లాగి కట్టాలి. ఒక స్టాప్ దాకా, అంటే సగానికి, వెలుగు తగ్గుతుంది, బదులుగా కిటికీ మొత్తం ఒకే పెద్ద మెత్తటి దీపం అవుతుంది. పంచె అంచు రంగుదైతే దాన్ని లోపలికి మడిచి కుట్టెయ్యాలి. ఎర్రంచులోంచి వచ్చిన వెలుగు చెవి పక్కన పడితే ఎడిటింగ్‌లో తీయడం చాలా కష్టం. గోడల రంగూ అంతే. లేత ఆకుపచ్చ గోడ ఉన్న గదిలో ముఖం నీడ వైపంతా పచ్చగా వస్తుంది, ఆ వైపు తెల్ల బెడ్‌షీటు వేలాడదీస్తే గానీ పోదు.

సామాను: క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది), ట్రైపాడ్, రిమోటు, 18 శాతం గ్రే కార్డు (వెలుగు కొలవడానికి వాడే మధ్యస్థ బూడిద రంగు కార్డు), రెండు తెల్ల థర్మోకోల్ షీట్లు, ముదురు గోధుమ రంగు గుడ్డ, నల్ల చార్టు, నేల మీద గుర్తు పెట్టడానికి టేపు. ఫోన్‌తో తీసినా ఫరవాలేదు గానీ చెయ్యి చాచినంత దూరంలోంచి తీయకూడదు. ఆ దూరంలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. తప్పు లెన్సుది కాదు, దూరానిది. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరం ఉండాలి, ఫోన్ అయితే జూమ్ కెమెరా వాడాలి, బ్యూటీ మోడ్ ఆపెయ్యాలి.

ట్యూబ్ లైటు, ఎల్ఈడీ బల్బు కూడా ఆపెయ్యాలి. కిటికీ వెలుగు రంగు వేరు, బల్బు రంగు వేరు. రెండూ కలిస్తే ముఖంలో ఏదో ఒక సగమే సరైన రంగులో వస్తుంది. ఆపడం కుదరని చోట షట్టర్ వేగం 1/100 లేదా 1/50 సెకను దగ్గర పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. 1/250 దగ్గర తీస్తే ఫ్రేముకో వెలుగు, కొన్నిటిలో అడ్డ చారలు.

జులై: ఒంటిరంగు, ఎక్స్‌పోజరు

ప్రాజెక్టులో ఎక్కువ పని ఇక్కడే. ఇక్కడ అజాగ్రత్తగా ఉంటే మిగతాదంతా వృథా.

కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకి ముఖమని తెలియదు. ఏది చూపించినా దాన్ని మధ్యస్థ బూడిద రంగుకి తేవాలని చూస్తుంది. తెల్ల గోడ ముందు కూర్చోబెడితే గోడని తగ్గించబోయి ముఖాన్ని నల్లగా చేస్తుంది. నల్ల గుడ్డ ముందు కూర్చోబెడితే ముఖాన్ని వెలిసిపోయేలా చేస్తుంది. ఆటో మోడ్‌లో తీసిన గ్రూపు ఫోటోల్లో నల్లగా ఉన్నవాళ్ల కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడకపోవడానికి కారణం వాళ్ల రంగు కాదు, పక్కనున్న తెల్ల చొక్కాకి కొలిచిన వెలుగు.

స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటే కొలిచే పద్ధతి) పెట్టి, వెలుగు వైపు చెంప మీద కొలవాలి. చామనచాయ చెంప దాదాపు బూడిద కార్డు దగ్గరే ఉంటుంది, సవరణ అక్కర్లేదు. బాగా నల్లటి చెంపకి మైనస్ 2/3 నుంచి మైనస్ 1 స్టాప్ దాకా. తెల్లటివాళ్లకి ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1. సందేహంగా ఉంటే చెంప పక్కన గ్రే కార్డు పట్టి దాని మీద కొలిచి, మాన్యువల్‌లో ఆ అంకెలే ఉంచెయ్యాలి. పంచె కట్టిన కిటికీకి మీటరు దూరంలో, మబ్బు పట్టిన పొద్దున ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 400, ఎఫ్ 4, 1/125 దగ్గర మొదలుపెట్టొచ్చు. ఫైలు రా ఫార్మాట్‌లోనే, అంటే కెమెరా కుదించని, మార్చని రూపంలోనే.

నల్లటి చర్మానికి ఇంకో సంగతి ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. తెల్లటి ముఖంలో ఆకారం ఎక్కువగా నీడల వల్ల తెలుస్తుంది. నల్లటి ముఖంలో మెరుపు వల్ల తెలుస్తుంది. నుదురు, చెంప ఎముక, ముక్కు దూలం, పై పెదవి అంచు మీద వెలుగు ప్రతిఫలించి ఒక గీత గీస్తుంది. ఆ గీతే ముఖం. అందుకని వెలుగు పెంచడం కన్నా వెలిగే వస్తువుని పెద్దది చేయడం ముఖ్యం. కిటికీ పక్కకి, కాస్త వెనక్కి ఉండేలా మనిషిని తిప్పాలి. రెండో వైపు థర్మోకోల్ షీటుని ముఖానికి రెండడుగుల దూరంలో నిలబెట్టాలి. షీటుని ముందుకీ వెనక్కీ జరిపితే చెంప మీద మెరుపు గీత జరగడం కంటికే కనబడుతుంది, అది చెంప ఎముక మీద కూర్చున్నచోట ఆపాలి. వెనక పూర్తి నలుపు పెడితే జుట్టు అందులో కలిసిపోతుంది. ముదురు గోధుమ గుడ్డ అందుకే.

ఇక పౌడరు. ఫోటో అనగానే జేబులోంచో బ్యాగులోంచో పౌడర్ డబ్బా బయటికొస్తుంది. తెల్ల పౌడరు చామనచాయ మీద బూడిద పూత వేస్తుంది, మెరుపు గీతని చంపేస్తుంది, మెడకీ ముఖానికీ తేడా తెచ్చిపెడుతుంది. అయితే దాన్ని తుడిచెయ్యమని చెప్పే హక్కు మనకి లేదు. రోజూ రాసుకునేవాళ్లయితే అది వాళ్ల ముఖంలో భాగమే. ఫోటో కోసమే రాసుకుంటుంటే పౌడర్‌తో ఒకటి, కడుక్కున్నాక ఒకటి తీసి కెమెరా తెర మీద రెండూ చూపించాలి. ఎంపిక వాళ్లకి వదిలెయ్యాలి. చెమట వేరు సంగతి. దాన్ని కర్చీఫ్‌తో అద్దాలి. రుద్దితే బొట్టు చెదురుతుంది, కాటుక కారుతుంది.

ఫోకస్ దగ్గరి కంటి మీద. ఎఫ్ 1.8 దగ్గర ఒకటిన్నర మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లకి మించదు. కన్ను వస్తే ముక్కు కొసా చెవీ పోతాయి. ఎఫ్ 4కి వస్తే పద్నాలుగు సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది. వెనకంతా మసకగా ఉంటే అందం అనుకుని లెన్సుని పూర్తిగా తెరిచి పెట్టడం ఈ ప్రాజెక్టుకి పనికిరాదు. వెనక ఏముందో కూడా ఆ మనిషి ఎంచుకున్నదే కదా.

ఆగస్టు: అనుమతి పత్రం, ఫ్రేము 1

అనుమతి పత్రం తెలుగులో ఒక పేజీ. నాలుగు ప్రశ్నలకి విడివిడిగా టిక్ పెట్టాలి: కాలేజీలో చూపించొచ్చా, ప్రింటు వేయొచ్చా, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా, పేరు రాయొచ్చా. అన్నిటికీ కలిపి ఒకే సంతకం తీసుకుంటే అది అనుమతి కాదు. 18 నిండని ఇంటర్ పిల్లలకి తల్లిదో తండ్రిదో సంతకం తప్పనిసరి. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అడుగున పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఆడవాళ్ల హాస్టల్లో తీసేటప్పుడు కెమెరా పట్టుకునేదీ, థర్మోకోల్ పట్టుకునేదీ, ఎడిటింగ్‌లో కూర్చునేదీ ఆడవాళ్లే అయితే వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. ఈ ఊరికి ఇది కొత్త కాదు. నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లిషు మహిళకి అప్పగించారు. ముఖాన్ని ఎవరు చూస్తున్నారన్నది తేలితేనే ముఖం తెరుచుకుంటుందని ఆయనకి తెలుసు.

ఫ్రేము 1 త్వరగా అయిపోతుంది. 35 × 45 మిల్లీమీటర్ల కొలత, తెల్ల గోడ, గడ్డం నుంచి నడినెత్తి దాకా ముఖం ఫోటో ఎత్తులో 70 నుంచి 80 శాతం, నోరు మూసి, చూపు సూటిగా. మనిషి గోడకి కనీసం మీటరు ముందుండాలి, లేదంటే చెవి వెనక నీడ పడుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి రెండు థర్మోకోల్ షీట్లు రెండు వైపులా పెడితే వెలుగు సమంగా వస్తుంది. కళ్లజోడులో కిటికీ కనబడితే ముఖం దించమనకుండా, కళ్లజోడు కాడల్ని చెవుల మీద రవ్వంత పైకెత్తాలి. అద్దాలు కిందికి వాలి ప్రతిబింబం పోతుంది.

ఫైలుని మామూలు ఫోటో స్టూడియోలో ఇచ్చి, అక్కడ రోజూ అందరికీ చేసే టచింగే చేయిస్తున్నాం. మేం ఏమీ చెప్పడం లేదు. ముఖం తెల్లబడుతుంది, మచ్చలు పోతాయి, ఒక్కోసారి పుట్టుమచ్చ కూడా. అలాగే ఉంచుతున్నాం, ఎందుకంటే అప్లికేషన్ల మీద ఆ మనిషిగా చలామణి అయ్యేది ఆ ముఖమే. తేడా ఎంతో అంకెల్లో తెలుసుకోవాలంటే రెండు ఫైళ్లలో చెంప మీద ఒకే చోట కలర్ పికర్ పెట్టి ల్యాబ్ (Lab) అనే రంగుల కొలతలో వెలుతురుని చెప్పే ఎల్ అంకె చూడాలి. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. గ్రే కార్డు 50 దగ్గర పడుతుంది. ముందు కార్డుతో సరిచూసుకోకపోతే ఆ పోలికకి అర్థం లేదు.

సెప్టెంబరు: ఫ్రేము 2, ఫ్రేము 3

"నీకు నచ్చిన వస్తువు తెచ్చుకో" అంటే అందరూ గిటార్, పుస్తకం, కూలింగ్ గ్లాస్ తెస్తారు. అడగాల్సిన ప్రశ్న వేరు: "హాస్టల్ మారినప్పుడల్లా నీతోపాటు వచ్చే వస్తువేది?" అప్పుడు తాళం పాడైన ట్రంకు పెట్టె వస్తుంది, అమ్మమ్మ కుట్టిన బొంత వస్తుంది, డప్పు వస్తుంది, ఊరి క్రికెట్ టీం జెర్సీ వస్తుంది. వస్తువుని చేతికిచ్చి ఊరుకోకూడదు, దానితో రోజూ చేసే పనే చేయించాలి. డప్పుని పట్టుకు నిలబడితే అలంకారం. సెగకి కాచి బిగిస్తున్నప్పుడు తీస్తే చేతులకి పని దొరికి భుజాలు వదులవుతాయి.

"నవ్వు", "సీరియస్‌గా ఉండు" అనకూడదు. కదలాల్సింది మాత్రం చెప్పాలి: "అన్నా, కుర్చీ అంచుకి జరుగు", "అక్కా, బరువంతా కుడికాలి మీద వెయ్యి". ముఖం ఎలా పెట్టాలో చెప్పడం మొదలైందంటే రెండో ఫ్రేము మళ్లీ మొదటి ఫ్రేమే అవుతుంది.

ఫ్రేము 3కి ఏర్పాటు ఇది. నేల మీద టేపుతో గుర్తు. అక్కడ ఇంకొకర్ని నిలబెట్టి 1.8 మీటర్ల దూరంలో మాన్యువల్ ఫోకస్ పెట్టి, రింగు కదలకుండా టేపు అంటించాలి. ఎఫ్ 5.6 దగ్గర పాతిక సెంటీమీటర్లకి పైగా లోతు ఉంటుంది, కాస్త ముందుకీ వెనక్కీ ఊగినా ఇబ్బంది లేదు. రిమోటుకి రెండు సెకన్ల ఆలస్యం పెట్టాలి, చెయ్యి దించుకోవడానికి. ఆ తర్వాత మనం గది బయటికి వెళ్లి తలుపు వేసెయ్యాలి. సంఖ్యకి పరిమితి పెట్టకూడదు, మెమరీ కార్డులో చోటు ఉంచాలి. మొదట తీసినవి మామూలు సెల్ఫీ ముఖాలే. విసుగొచ్చి మానేద్దామనుకునే దగ్గర్నుంచి పనికొచ్చేవి మొదలవుతాయి.

ఫోటో చూడగానే "ఇది నేను కాదు" అనే మాట చాలామంది నోట వస్తుంది. మన ముఖం మనకి అద్దంలోనే తెలుసు, ఎడమ కుడులు తారుమారై. చాలా ఫోన్ల సెల్ఫీలు కూడా అలాగే తిప్పి చూపిస్తాయి. కెమెరా తిప్పదు. పాపిడి రెండో వైపుకి వెళ్తుంది, ముక్కుపుడక రెండో వైపు కనబడుతుంది, ఒక కనుబొమ్మ ఎత్తుగా ఉందని ఇప్పుడే తెలుస్తుంది. తిప్పిన ఫైలూ తిప్పనిదీ పక్కపక్కన చూపించి కారణం చెప్తే సరిపోతుంది. ప్రింటుకి మాత్రం తిప్పనిదే వెళ్తోంది. అది మిగతా లోకం చూస్తున్న ముఖం. ఎంపిక చేసేది కూర్చున్నవాళ్లే, మేం సలహా కూడా ఇవ్వడం లేదు.

అక్టోబరు: ప్రొజెక్టరు ప్రయోగం

కొందరు పాత కుటుంబ ఫోటో తెచ్చి దానితో తీయమన్నారు. తాతదో నానమ్మదో ముఖాన్ని ప్రొజెక్టర్‌తో వాళ్ల ముఖం మీద వేయడం వాళ్ల కోరికే.

ముందు పాత ఫోటోని కాపీ చేయాలి. దశాబ్దాలుగా ఫ్రేములో ఉన్న ఫోటో తేమకి అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. లాగితే పైపొర అద్దం మీదే ఉండిపోతుంది, ఇక రాదు. అందుకని ఫ్రేము విప్పకుండా అద్దంలోంచే తీయాలి. రెండు దీపాలు రెండు వైపులా 45 డిగ్రీల్లో, కెమెరా ముందు లెన్సు మటుకే పట్టే కంత ఉన్న నల్ల చార్టు, తీసేవాళ్లు నల్ల చొక్కా. పోయినవాళ్ల ఫోటో అద్దం మీద కుంకుమ బొట్టు ఉంటే ఇంటివాళ్లని అడగకుండా తుడవొద్దు. ఉంచి తీస్తే అదీ బాగుంటుంది.

ప్రొజెక్షన్‌కి గది పూర్తిగా చీకటి. ప్రొజెక్టరు రెండు మీటర్ల దూరంలో కంటి ఎత్తున, కెమెరా దాని పక్కనే ఆనుకుని. దూరం జరిగితే ముక్కు నీడ వేరే చోట పడి రెండు ముఖాలు కలవవు. ఐఎస్‌ఓ 1600, ఎఫ్ 2.8, షట్టర్ 1/60 లేదా 1/50. కాలేజీల్లో ఉండే డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో రంగుల చక్రం తిరుగుతూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెనక ఒకటి వేస్తుంది. 1/250 దగ్గర తీస్తే అందులో ఒకటో రెండో రంగులే చిక్కి ముఖం మీద రంగు పట్టీలు వస్తాయి. ముందు కళ్లని కళ్ల మీదికి తెచ్చి, ఆ తర్వాత పరిమాణం సరిచేయాలి. దవడ కలవకపోయినా కన్ను ఒప్పుకుంటుంది. కళ్లు కలవకపోతే ఒప్పుకోదు. మనిషి కిరణం వైపు సూటిగా చూడకూడదు. కళ్లు మూసుకుని ఉండి, "ఇప్పుడు" అన్నప్పుడు లెన్సు వైపు తెరవాలి, వెంటనే మూసుకోవాలి.

చూసేవాళ్లకి ఈ ఫోటోలు ఇట్టే నచ్చుతాయి. కానీ మూడు ఫ్రేముల వరసలోకి వీటిని తీసుకోవడం లేదు. ఎవరిని ఎవరి మీద వేసినా ఏదో లోతు ఉన్నట్టే కనిపిస్తుంది, అందుకే అనుమానం. వాటిని వేరే గోడకి పెట్టాలని నిర్ణయం.

నవంబరు: ఎడిటింగ్, ప్రింటు

డార్క్‌టేబుల్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పనికి సరిపోతుంది. వరస ఇదీ: గ్రే కార్డు ఫ్రేము నుంచి వైట్ బ్యాలెన్స్, తర్వాత ఎక్స్‌పోజరు, తర్వాత క్రాపు. అంతే. నారింజ రంగు వెలుతురు స్లయిడర్ జోలికి వెళ్లకూడదు. మన చర్మం రంగంతా అందులోనే ఉంటుంది, కొంచెం పెంచితే చాలు మనిషి మారిపోతాడు. ఫ్రేము 2, 3లో మొటిమ తీయాలా వద్దా అన్నది కూర్చున్నవాళ్ల మాట. మచ్చ, గాటు, పుట్టుమచ్చ మాత్రం అలాగే ఉంటాయి.

35 × 45 నిష్పత్తి అంటే 7 × 9. కాబట్టి మూడు ఫ్రేములూ 7 × 9 అంగుళాల బొమ్మగా, 8 × 12 కాగితం మీద. పక్కలా పైనా అరంగుళం తెలుపు, కింద రెండున్నర అంగుళాలు. బొమ్మ 300 డీపీఐ లెక్కన 2100 × 2700 పిక్సెళ్లు. కింది తెలుపులో వాళ్ల చేతిరాతతో రెండు పేర్లు: పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుతో సహా ఉన్నది ఒకటి, ఇంట్లో పిలిచేది ఒకటి. రెండోది రాయడం ఇష్టం లేకపోతే ఖాళీ. నిగనిగలాడే కాగితం మీద జెల్ పెన్ను అలుక్కుపోతుంది, మ్యాట్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకు పెన్ను వాడి పది నిమిషాలు ముట్టుకోకూడదు.

ప్రింట్లు వేసే ల్యాబ్‌లో "కరెక్షన్ వద్దు" అని నోటితో చెప్పి, ఆర్డర్ చీటీ మీద కూడా రాయించాలి. లేకపోతే మెషీను దగ్గరున్నవాళ్లు అలవాటుకొద్దీ ముఖాలు తెల్లగా చేస్తారు, మంచి చేస్తున్నామనే అనుకుంటారు. ముందు గ్రే కార్డు ఉన్న ఫ్రేమొకటి 4 × 6లో వేయించి, పగటి వెలుగులో అసలు కార్డు పక్కన పెట్టి చూడాలి. ప్రింటు ముదురుగా వస్తే తప్పు ల్యాబ్‌ది కాకపోవచ్చు. మానిటర్ వెలుగు పూర్తిగా పెంచి ఎడిట్ చేస్తే అలాగే జరుగుతుంది. సగానికి తగ్గించి మళ్లీ చూడాలి. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఇవ్వాలి.

మిగిలిన పని: 5 మిల్లీమీటర్ల మందమున్న సన్‌బోర్డు (తేలికైన గట్టి పలక) మీద అంటించడం, బొమ్మ మధ్య భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో వచ్చేలా గోడకి ఎక్కించడం. ఒకే మనిషి మూడు ఫ్రేముల మధ్య అంగుళం, మనిషికీ మనిషికీ మధ్య ఎనిమిది అంగుళాలు. ఎక్కించే ముందు ప్రతి ఒక్కరినీ పిలిచి వాళ్ల మూడూ చూపించాలి. అనుమతి పత్రం చేతికిచ్చి మళ్లీ చదువుకోమనాలి. ఎవరైనా వద్దంటే ఆ మూడు ప్రింట్లూ, రా ఫైళ్లూ, స్టూడియోకి ఇచ్చిన కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదీ వాళ్ల ముందే తీసేయాలి. స్టూడియో కంప్యూటర్లోది తీయించడం మర్చిపోకూడదు, ఆ పని ఒకరి పేరు మీద రాసిపెట్టాం.